అయస్కాంతానికి ఎక్కిన రెండు రూపాయల బిళ్ళ

రైలు రాజమండ్రి వంతెన ఎక్కగానే జనం కిటికీలోంచి గోదావరికి దణ్ణం పెట్టి చిల్లర విసురుతారు కదా, ఆ చిల్లరలో కొంత మా అక్కగారింటి పొయ్యి వెలిగించేది. మా బావది చేపల వేట. వేట లేని రోజుల్లో నావ వేసుకుని వంతెన కిందికి వెళ్లేవాడు. మైకుసెట్ల వాళ్ల దగ్గర పాడైపోయిన లౌడుస్పీకర్లు కొని, వాటి వెనకాల ఉండే గుండ్రటి అయస్కాంతాన్ని ఊడదీసి, నైలాను తాడు కట్టి నీళ్లలోకి జారవిడిచేవాడు. ఇసక మీద ఈడ్చి పైకి లాగితే స్టీలు రూపాయలు, స్టీలు అర్ధరూపాయలు, మేకులు, బోల్టులు, ఒక్కోసారి ఎవరింటి తాళం చెవులో, ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతూ వచ్చేవి.

రెండు రూపాయల బిళ్ళలు మాత్రం వచ్చేవి కావు. అప్పట్లో వాటిని రాగీ నికెలూ కలిపిన లోహంతో చేసేవారు. అయస్కాంతం పక్కనుంచి వెళ్లినా వాటిని పలకరించదు. అవి కావాలంటే మునగాలి. మునగడానికి మా అక్క ఒప్పుకునేది కాదు. అందుకని మా బావ జీవితంలో ఒక సత్యం స్థిరపడిపోయింది: రెండు రూపాయల బిళ్ళ అయస్కాంతానికి ఎక్కదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత నమ్మకం ఆయనకి దాని మీద.

ఇది తొంభైలు ముగిసే రోజుల మాట. నేనూ మా బడీ ఏడో తరగతిలోనే ఒకరికొకరం దణ్ణం పెట్టేసుకున్నాం. అప్పటినుంచి రాజమండ్రిలో ఒక లేత్ షాపులో పని. ఇనుమును మిషను మీద తిప్పి చెక్కి లాంచీల షాఫ్టులు, రైసు మిల్లుల రోలర్లు, పంపుసెట్ల బుష్షులు చేసేవాళ్లం. ఆదివారం వస్తే అక్కగారింట్లో భోజనం.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం పులస లేని రోజుల్లో పులస గురించి మాట్లాడుకుంటూ బొచ్చె పులుసు తింటున్నాను. బావ తడి లుంగీతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బామ్మర్దీ, చెయ్యి కడుక్కుని ఇలా రా. లోహాల సంగతి నీకు తెలుసు కదా, ఇది చూడు."

చూశాను. "రెండు రూపాయలు. రెండు కిళ్ళీలొస్తాయి. ఒకటి నాకు."

"ఎలా వచ్చిందో అడుగు."

"ఎలా వచ్చింది?"

"అయస్కాంతానికి ఎక్కింది."

"పొద్దున్నే నువ్వేమన్నా ఎక్కించావేమో బావా."

ఆయన బిళ్ళని నేల మీద పెట్టి, అయస్కాంతాన్ని జానెడు ఎత్తునుంచి మెల్లగా దించాడు. బిళ్ళ లేచి టక్కున అతుక్కుంది. ఇంకోసారి పెట్టించాను. ఇంకోసారి అతుక్కుంది. మూడోసారి నేనే పెట్టాను. అప్పుడూ అంతే.

నాకు తెలిసిన విద్యంతా బయటికి తీశాను. "తుప్పు బావా ఇది. వంతెన కింద ఎన్నేళ్లనుంచో ఇనుము పడి ఉంది. దాని తుప్పు పట్టేసుంటుంది. అయస్కాంతం తుప్పుని లాగుతోంది, బిళ్ళ వెంట వస్తోంది. పెళ్లికొడుకుతోపాటు తోడుపెళ్లికొడుకు వచ్చినట్టు."

"తుప్పెక్కడుంది? తెల్లగా ఉంటేను."

మేమిద్దరం ఇలా తేల్చుకుంటూ ఉండగా అక్క వచ్చి బిళ్ళ తీసుకుపోయింది. అక్కకి ఒక పద్ధతి ఉంది. వాళ్ల వాడలో అందరిదీ అదే పద్ధతి. గోదావరిలోంచి వచ్చిన ఏ బిళ్ళనైనా ముందు చింతపండూ ఉప్పూ వేసి కొబ్బరిపీచుతో తోమాలి, పసుపు నీళ్లలో ముంచాలి, గంగమ్మ పటం ముందు ఒక పూట ఉంచాలి. ఆ తర్వాతే ఖర్చు. ఎవరు ఏ కష్టంలో ఉండి మొక్కుకుని వేశారో తెలియదు, కడగకుండా వాడితే వాళ్ల కష్టం మనకి అంటుకుంటుందని వాళ్ల భయం. దానివల్ల రాజమండ్రిలో అన్నిటికన్నా శుభ్రమైన చిల్లర మా అక్క పోపులడబ్బాలో ఉండేది.

పది నిమిషాల్లో, ఇంకా పటం దగ్గరికి చేరకముందే, బిళ్ళ మిలమిలలాడుతూ తిరిగొచ్చింది.

"ఇప్పుడు పెట్టు బావా. తుప్పుంటే పోయినట్టే."

పెట్టాడు. టక్.

ఇక నేను కూర్చోలేకపోయాను. పోపులడబ్బాలోంచి మామూలు రెండు రూపాయల బిళ్ళ ఒకటి తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టాను. అదే దేశపటం, అవే సింహాలు. కానీ మామూలు దానికి పదకొండు మూలలూ చక్కగా పదునుగా ఉంటే, మనదానికి మూలలు సగం నిద్రలో ఉన్నట్టున్నాయి. అంచు దగ్గర అక్షరాలు కొంచెం పల్చబడ్డాయి. రంగు కూడా ఒక పిసరు తెలుపు.

"దొంగబిళ్ళ అంటావా?" అన్నాడు బావ.

"అయితే ఎవడో గోదావరికే టోపీ పెట్టాడన్నమాట."

"కాకపోతే?"

"కాకపోతే టంకశాల వాళ్లే పొరపాటున స్టీలు రేకు మీద రెండు రూపాయల అచ్చు కొట్టేశారన్నమాట. అలాంటి వాటికి రేటుంటుందంట బావా, పేపర్లో చదివాను."

"నువ్వు పేపరు చదివావా?" అంది అక్క లోపలినుంచి. మా అక్కకి ఏది ముఖ్యమో అదే వినిపిస్తుంది.

మర్నాడు బిళ్ళని జేబులో వేసుకుని షాపుకి వెళ్లాను. చేసిన తప్పల్లా అదే. షాపులో సన్నటి మందాలు కొలిచే వెర్నియర్ ఉంది, దాంతో కొలిచి చూద్దామని. మధ్యాహ్నం ఓనరు గారు కునుకు తీస్తున్నారు కదా అని బిళ్ళని వెర్నియర్ దవడల మధ్య పెట్టాను. మందం చూస్తున్నాను, వెడల్పు చూస్తున్నాను. వెనకాలనుంచి ఎంతో మర్యాదగా ఒక గొంతు వినపడింది.

"ఏమండీ, తమరు టంకశాల ఎప్పుడు తెరిచారండీ?"

మా ఓనరు గారు మామూలుగా నన్ను ఒరేయ్ అనేవారు. కోపం వస్తే మాత్రం అండీలోకి దిగేవారు. 

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. అంతకు ముందు ఏడాది నేను ఒక ఘనకార్యం చేసి ఉన్నాను. ఒక రూపాయి బిళ్ళని లేత్ మీద గిన్నెలా తొలిచి, ఇంకో రూపాయిని అరగదీసి అందులో బిగించి, రెండు వైపులా బొమ్మే ఉండే రూపాయి తయారుచేశాను. దాంతో ఇసక మేటల మీద ఆడే క్రికెట్లో నెలరోజులపాటు మా జట్టు టాస్ ఓడిపోలేదు. మ్యాచ్‌లు అన్నీ ఓడిపోయాం, అది వేరే సంగతి. ఆ కథ పాకి పాకి ఓనరు గారి చెవిన పడి, అప్పుడే ఒకసారి అండీ అనిపించుకున్నాను.

"ఇది నేను చేసింది కాదండి. మా బావకి గోదావర్లో దొరికిందండి."

"గోదావరి తల్లి ఇప్పుడు లేత్ పని కూడా చేస్తోందాండీ?"

"ఒట్టండి. అయస్కాంతానికి ఎక్కిందండి. టంకశాల వాళ్ల పొరపాటేమోనని కొలుస్తున్నానండి."

"చూడండి. రేపు పోలీసులు వస్తే ముందు నా మిషను పట్టుకుపోతారు. తర్వాత నన్ను పట్టుకుపోతారు. మిమ్మల్ని చివర్లో, తీరుబడిగా పట్టుకుపోతారు. ఇది ఇక్కడ చేసింది కాదని, తెలిసినవాడెవడైనా కాయితం మీద రాసిస్తే పట్టుకు రండి. అందాకా లేత్ ముట్టుకోకండి. శనివారం సాయంత్రంలోగా రాకపోతే మీ జీతం లెక్క కట్టేస్తాను, పట్టుకెళుదురుగాని."

నేను జోకు వేయబోయి ఆగిపోయాను. లేత్ తప్ప నాకు వచ్చిన విద్య జనాన్ని నవ్వించడం ఒక్కటే, దానికి ఎవరూ జీతం ఇవ్వరు. ఏడో తరగతి తప్పినవాణ్ని ఇంకే షాపువాడు మిషను దగ్గరికి రానిస్తాడు, అదీ దొంగనాణేలు చేస్తాడన్న పేరు వచ్చాక. అయితే ఒక మాట నిజం చెప్పాలి. భయం ఎంత ఉందో ఉత్సాహం అంతకు రెట్టింపు ఉంది. ఆ బిళ్ళ ఏమిటో తేలకపోతే నాకు ఉద్యోగం ఉన్నా నిద్ర పట్టేలా లేదు.

బావని వెంటేసుకుని బంగారం పని చేసే ఒక ఆచారి గారి దగ్గరికి వెళ్లాను. అద్దాల పెట్టెలో చిన్న త్రాసు పెట్టుకుని కూర్చుంటారాయన. గాలి తగిలితే ముల్లు కదులుతుందని ఫ్యాన్ కూడా వేసుకోరు. సంగతి చెప్పగానే ఆయనకీ సరదా పుట్టింది.

"గ్రాములెందుకయ్యా, సూటిగా చూసేద్దాం. మామూలు రెండు రూపాయలుందా?"

ఒక పళ్లెంలో మామూలుది, ఒక పళ్లెంలో మాది వేశారు. మాది గాల్లోకి లేచిపోయింది.

"తేలిక. ఇప్పుడు స్టీలు రూపాయి ఇవ్వండి."

స్టీలు రూపాయల కొరత మా బావకి ఎప్పుడూ లేదు. ఒకటి తీసి ఇచ్చాడు. ఆచారి గారు మామూలు రెండు రూపాయల బిళ్ళని తీసి దాని చోట ఆ రూపాయిని వేశారు. ముల్లు అటు ఊగింది, ఇటు ఊగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఊగీ ఊగీ సరిగ్గా మధ్యలో ఆగింది.

"చూశారా," అన్నారు ఆచారి గారు మెల్లగా, "పైకి రెండు రూపాయలు, ఒంట్లో ఒక రూపాయి."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది, ఫ్యాను కూడా లేని గదిలో అది మర్యాద కాదని ఊరుకున్నాను. "అయితే టంకశాల పొరపాటేనాండి?"

"బరువు వరకే నేను చెప్పగలను. మంచి పనిమంతుడు దొంగతనానికి దిగినా బరువు సరిపెడతాడు. రామచంద్రపురంలో ఒక రిటైరైన రైల్వే గార్డు గారున్నారు. పాత నాణేలు, తప్పు నాణేలు దాస్తారు. ఆయన చూసి ఔనంటే ఔనే."

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. బిళ్ళని అగ్గిపెట్టెలో దూది మధ్య పెట్టి బావ జేబులో ఉంచాం. బావ ప్రతి స్టాపుకీ అగ్గిపెట్టె తెరిచి చూసుకుంటున్నాడు. బిళ్ళ ఎక్కడికి పోతుంది, దిగి టీ తాగుతుందా అంటే వినడు. కడియం దాటాక కండక్టరు చిల్లర కోసం వచ్చాడు.

"రెండు రూపాయలివ్వండి, పదిచ్చేస్తాను."

"లేదండి," అన్నాడు బావ.

పక్కసీటు పెద్దమనిషి ఊరుకోలేదు. "అగ్గిపెట్టెలో ఉంది కదండి. ఇందాకట్నుంచీ చూసుకుంటన్నారు."

"ఆయ్, అది ఇవ్వడానికి కాదండి."

"రెండు రూపాయలు ఇవ్వడానికి కాకపోతే మరి దేనికండి?" అన్నాడు కండక్టరు. బస్సంతా మా వైపు తిరిగింది. బావ మెడ మీద చెమట కనపడుతోంది.

"మొక్కు బిళ్ళండి," అన్నాను నేను. "ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి. దూదిలో పెట్టి తీసుకెళ్తున్నాం."

కండక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని రెండు కళ్లకీ అద్దుకున్నాడు. పది రూపాయలూ మాకే ఇచ్చేసి, రెండు తర్వాత చూద్దాం లెండి అన్నాడు. పెద్దమనిషి కూడా చెంపలేసుకున్నాడు. అబద్ధమాడినందుకు భీమేశ్వరుడు ఏమనుకుంటాడోనని రామచంద్రపురం వరకూ బావ నాతో మాట్లాడలేదు. పని అయ్యాక ద్రాక్షారామం దాకా వెళ్లి స్వామికి నిజంగానే కొబ్బరికాయ కొట్టించాకగాని ఆయన మనసు కుదుటపడలేదు.

గార్డు గారు పొడుగ్గా, సన్నగా, జెండా కర్రలా ఉన్నారు. వరండాలో బల్ల, బల్ల మీద భూతద్దం, పక్కన నాణేల పుస్తకాలు. మేం చెప్పిందంతా విని వాచీ చూసుకున్నారు, ఆలస్యానికి కారణం రాసుకునేవాళ్లలా.

"వంతెన కిందా? సర్వీసంతా ఆ వంతెన మీదే తిరిగాను. ఒక్క పైసా వేయలేదు."

"తమలాంటోళ్లు ఇంకో నలుగురుంటే మేం చేపల్నే నమ్ముకోవాలండి," అన్నాడు బావ. గార్డు గారికి నవ్వొచ్చింది. అప్పుడు కుర్చీలు చూపించారు.

ముందు బిళ్ళని గచ్చు మీద పడేశారు. ణంగుమని మోగింది. పోతపోసిన దొంగబిళ్ళ అయితే చప్పుడు బొద్దుగా ఉంటుందట. తర్వాత అయస్కాంతం. ఆ తర్వాత భూతద్దం కంటికి ఆనించుకుని ఎండలోకి తిరిగి కూర్చున్నారు. ఎంతసేపని. బావ మోకాలు ఊపుతున్నాడు. నేను గోడ మీద క్యాలెండరులో ఉన్న వారాలన్నీ చదివేశాను. అందులో శనివారం మిగతా రోజులకన్నా పెద్దగా కనిపించింది.

"నువ్వేం చేస్తుంటావు?" అన్నారు తల ఎత్తకుండానే.

ఇక్కడ అబద్ధమాడొచ్చు. కానీ బస్సులో ఆ రోజు కోటా అయిపోయింది. "లేత్ పనండి."

భూతద్దం దిగింది. "లేతా?"

"ఆయ్. అందుకే మా ఓనరు గారు నేనే చేశానంటున్నారండి. కాదని మీరు రాసిస్తే నా పని ఉంటుంది. చేశానని తేలితే రాయొద్దు."

ఆయన భూతద్దం నా చేతికిచ్చారు. "అయితే నువ్వే చూడు. నీ మిషను పెట్టే గుర్తు ఎలా ఉంటుందో నాకన్నా నీకే తెలుసు."

చూశాను. లేత్ మీద తిప్పిన దేని మీదైనా గుండ్రంగా సన్నటి గీతలుంటాయి, గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు. ఎంత పాలిషు పెట్టినా అక్షరాల సందుల్లో దాక్కుంటాయి. ఒక్క గీత లేదు. అక్షరాల చుట్టూ లోహం పారినట్టు, ఒక్క దెబ్బకి మట్టి ఒత్తుకుని లేచినట్టు ఉంది. మూలల దగ్గర మాత్రం లోహం చాలక ఆగిపోయింది.

"గీతల్లేవండి," అన్నాను. "లేత్ తీసేయగలదు కానీ పెట్టలేదండి. ఈ అక్షరాలు పైకి లేచి ఉన్నాయి. ఇది చెక్కింది కాదు, కొట్టింది."

"మరి దొంగ అచ్చుతో కొడితే?"

"రెండు రూపాయల కోసమాండి? ఇంత గట్టి స్టీలు మీదాండి? మెత్తటి లోహం బజార్లో దొరుకుతుండగా?"

"అదీ మాట." గార్డు గారి మొహం విచ్చుకుంది. "రెండు రూపాయల కోసం ఈ స్టీలు మీద అచ్చు కొట్టేవాడు దొంగ కాదు, పిచ్చివాడు. మూలలు చూశావా? రూపాయికి కోసిన గుండ్రటి రేకు ఏదో ఒకటి రెండు రూపాయల అచ్చు కిందికి వచ్చి పడింది. రేకు చిన్నది, పైగా గట్టిది. మూలలదాకా పారలేకపోయింది. అక్షరాలు నా దగ్గరున్న మంచి బిళ్ళతో గీతకి గీత కలుస్తున్నాయి. ఇది టంకశాల పొరపాటే. అసలుది."

బావ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. నేను నవ్వుతున్నాను, దేనికో తెలియదు.

"ఒక్కటే బాధ," అన్నారు గార్డు గారు బిళ్ళని తిప్పుతూ. "దీన్ని తోమిందెవరు?"

ఇద్దరం గచ్చు చూశాం.

"ఈ గీకుళ్లు లేకపోతే రెట్టింపు ఇచ్చేవాణ్ని. ఇలాంటివి తోముతారటయ్యా? దేంతో తోమారు?"

"చింతపండండి," అన్నాడు బావ.

"పసుపు కూడానండి," అన్నాను నేను.

ఆయన కళ్లు మూసుకుని, దెబ్బ తగిలినవాడిలా నిట్టూర్చారు. తోమినా సరే అమ్ముతారా అని అడిగారు. బావ నా వైపు చూసి, "ముందు వీడి ఓనరు గారు కళ్లారా చూడాలండి. ఆదివారం తెచ్చిస్తాను, ఇంకెవరికీ ఇవ్వను," అన్నాడు. మా బావ చేతికొచ్చిన డబ్బుని రెండు రోజులు ఆపడం అదే మొదటిసారి, నా కోసం. ఆ విషయం ఇద్దరం ఇప్పటివరకూ మాట్లాడుకోలేదు. గార్డు గారు తన పేరు అచ్చువేయించిన కాయితం తీసి, గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాసి, సంతకం పెట్టి, టైము కూడా వేసి ఇచ్చారు.

శనివారం పొద్దున్న షాపు తెరిచే వేళకి గుమ్మంలో ఉన్నాను. బావ పక్కనే, ఒక చేత్తో అగ్గిపెట్టె, ఇంకో చేత్తో తాడు కట్టిన అయస్కాంతం. ఓనరు గారు కాయితం తీసుకుని కళ్లజోడు పెట్టుకున్నారు. బిళ్ళని అయస్కాంతానికి అతికించి చూశారు, ఊడదీసి చూశారు, వెర్నియర్‌తో కొలిచారు. కాయితం మళ్లీ మొదటినుంచి చదివారు. ఒకచోట ఆగి, వేలు పెట్టి, పైకి చదివారు.

"'దీనిని లేత్ యంత్రముపై ప్రపంచములోని ఏ టర్నరూ తయారు చేయజాలడని నా అభిప్రాయము.' ఏ టర్నరూనా?"

"ఆయ్, అలాగే రాశారండి."

"ఆయనకి లేత్ గురించేం తెలుసు? ఎర్రజెండా పచ్చజెండా ఊపుకునే మనిషి. మనం లాంచి షాఫ్టు తిప్పితే వెంట్రుక వాసి తేడా ఉండదు. కాకినాడనుంచి వచ్చి చేయించుకుంటారు. ఏ టర్నరూ చేయలేడంట."

బావ నా వైపు భయంగా చూశాడు. గెలిచిన కేసు కళ్లముందే చేజారిపోయేలా ఉంది.

"నిజంగానే చేయలేమండి," అన్నాను. "అక్షరాలు పైకి లేచి ఉన్నాయి కదండి."

"లేస్తే? ముందు అచ్చు కొట్టే డై చెయ్యాలి. డై మనం చెయ్యలేమా? మంచి టూల్ స్టీలు తెచ్చి, ఓపిగ్గా కూర్చుంటే..." ఆయన బిళ్ళని వెలుగుకి ఎత్తి పట్టుకుని సింహాల జూలు చూస్తూ ఉండిపోయారు. వేళ్లు గాలిలో ఏదో తిప్పుతున్నాయి. కాసేపటికి బిళ్ళని బావ చేతిలో పెట్టి, కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"ఒరేయ్, ఆ పెద్ద మిషను మీద రోలరు ఎక్కించు. సోమవారానికి ఇవ్వాలి."

పరుగెత్తాను. రోలరుని మిషను చక్‌లో పెట్టి బిగిస్తుండగా ఆయన నా పక్కకి వచ్చి నిలబడి, బావకి వినపడకుండా గొంతు తగ్గించారు.

"నిజం చెప్పు. అసలు చేయలేవా?"

"లేదండి."

"నేర్చుకుంటే వస్తుందిరా," అని రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగారు. "వద్దులే. నేర్చుకోకు."